నంబరు మీద గ్రీజు

కారును సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు నేను దానికి ఫొటోలు తీస్తాను. బ్యాటరీ మీది నంబరు, టైర్ల మీది నంబర్లు, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు, బానెట్ కింద ఏ గొట్టం ఎక్కడుందో అదీ. బండి తిరిగొచ్చాక మళ్ళీ తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ పోల్చి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. "రేపు నేను ఆస్పత్రిల చేరితే నాక్కూడ ముందుగాల ఒకటి, వెనుక ఒకటి ఫొటో తీస్తవేమో" అంటాడు. తీయనని నేను ఇంతవరకూ మాట ఇవ్వలేదు. పాతికేళ్ళకు పైగా ఆడిట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. అనుమానపడినందుకు జీతమిచ్చే ఉద్యోగం అది. కానీ ఈ గుణం ఆఫీసులో అబ్బింది కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

పోయిన నెల బండి తెచ్చి అప్పగించిన మనిషి బానెట్ ఎత్తి చూపించాడు. లోపల ప్రతి ముక్కా నల్లగా నిగనిగలాడుతోంది. "ఇంజన్‌కి పాలిష్ కొట్టినం మేడమ్, ఫ్రీ" అన్నాడు. ఫ్రీ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వేలితో గీసి చూశాను. జిడ్డు అంటుకుంది, జిడ్డు కింద మట్టి ఎక్కడిదక్కడే ఉంది. కడగకుండా, తోమకుండా, మట్టి మీదనే మెరుపు మందు కొట్టి తెచ్చారన్నమాట. పోయిన చలికాలం చనిపోయిన మా బాపు ఉండి ఉంటే ఆ మనిషిని అక్కడే నిలబెట్టి తిట్టేవాడు. బాపు దృష్టిలో రంగు వేయడం అనేది చివర్లో చేసే చిన్న పని. అసలు పనంతా గీకడంలో, తోమడంలో ఉంది. మా ఫలక్‌నుమా ఇంటి వాకిట్లో పీట వేసుకుని బాపు ఆ పని చేసిన రోజులు, ఆ రోజుల్లో నేను చేసిన పని, రెండూ కలిసి గుర్తుకొచ్చాయి. ఒకటి తలచుకుంటే రెండోది దాని వెనకే వస్తుంది. అందుకే చాలా ఏళ్ళు ఏదీ తలచుకోకుండా గడిపాను.

బాపు పేరు మల్లయ్య. బస్సుల డిపోలో పెయింటరుగా చేసి, మోకాళ్ళు అరిగిపోయి, గడువుకు ముందే ఉద్యోగం వదులుకున్నాడు. రైల్వే స్టేషన్‌కి అవతలి గల్లీలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ముందు షాబాద్ బండలు పరిచిన వాకిలి, మూలకు నల్లా, పక్కన మెట్లు, పైన డాబా. ఆ ఇంట్లో అనుమానం ఉప్పులాగా ప్రతి దాంట్లో కొంచెం పడేది. పాలవాడు పాలు పోస్తే అమ్మ వేలు ముంచి, గోటి మీద బొట్టు నిలుస్తుందో జారుతుందో చూసేది. ఆరేసిన బట్టలు తీసేటప్పుడు క్లిప్పులు లెక్కపెట్టేది. ఇరుగుపొరుగు వాళ్ళు ఏదైనా వండి పంపితే, ఎందుకు పంపారో తేలేదాకా దాన్ని ముట్టనిచ్చేది కాదు. బాపుకు మనుషుల మీద అంత అనుమానం లేదు గానీ సరుకు మీద ఉండేది. నాకు ఇద్దరి నుంచీ వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నేను, ఈ లోకంలో ఎవరూ ఏ పనీ ఊరికే చేయరని గట్టిగా నమ్మేదాన్ని.

ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్న బాపుకు పని ఇచ్చింది సత్తార్ భాయ్. మా గల్లీ చివర ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. పాత టాక్సీలు, అంబాసిడర్లు వస్తే ఇంజన్ మొత్తం విప్పి బాగుచేసేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చెవి మీద పెన్సిలుతో ఉండే మనిషి. మామూలుగా మాతో తెలుగులోనే మాట్లాడేవాడు, కోపం వస్తే మాత్రం ఉర్దూలోకి పోయేవాడు. విప్పిన ఇంజన్ భాగాలకు పాత రంగు, మడ్డి వదలగొట్టి కొత్త రంగు వేసే పని బాపుకు అప్పజెప్పాడు. షెడ్డులోనే వేయొచ్చు గానీ అక్కడ ఒకవైపు సుత్తి దెబ్బలు, ఇంకోవైపు గ్రైండరు. తడి రంగు మీద ఇనుప రజను వాలితే పని మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని సామానును తోపుడు బండి మీద పెట్టి, పైన గోనెసంచులు కప్పి మా ఇంటికి పంపేవాడు. ఆ గోనెసంచులతోనే అమ్మకు అనుమానం మొదలైంది.

"మంచి సామానైతే మూసి తెచ్చుడెందుకు?" అనేది.

"వానకు తడుస్తే తుప్పు పడ్తదని" అనేవాడు బాపు.

"ఎండకాలంల ఏం వాన?"

"ఎండకాలంల దుమ్ము."

"నీకన్నిటికీ జవాబుంటది" అని అమ్మ గిన్నెలు చప్పుడు చేస్తూ లోపలికి పోయేది.

మొదట కిరసనాయిలుతో కడిగి మడ్డి తీసేవాడు. తర్వాత ఇనుప భాగాలను కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళ డ్రమ్ములో ఒక పూటంతా నానబెడితే, పాత రంగు ఉడికిన టమాటా తొక్కలా ఊడి వచ్చేది. అల్యూమినియం ముక్క మాత్రం పొరపాటున కూడా ఆ డ్రమ్ములో పడకూడదు, సోడా దాన్ని తినేస్తుంది. అందుకని బాపు ప్రతి ముక్కకూ అయస్కాంతం ఆనించి, అది అంటుకుంటేనే డ్రమ్ములో వేసేవాడు. ఇనుమని కళ్ళకు కనబడుతున్నా సరే, ఆనించాల్సిందే. సోడా నీళ్ళలోంచి తీసినవాటిని కడిగి, ఇనుప బ్రష్షుతో తోమి, ఎమరీ కాగితంతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఎర్ర ప్రైమరు పూసి, డాబా మీద ఎండబెట్టాక అప్పుడు అసలు రంగు. డాబా మీద ఒకవైపు అమ్మ పెట్టిన వడియాలు ఎండుతుంటే ఇంకోవైపు వెండిరంగు మూతలు, ఆకుపచ్చ ఫ్యాన్లు ఎండుతుండేవి. ఇల్లంతా థిన్నర్ వాసన. మా దుప్పట్లలో, పచ్చడి జాడీ మూత మీద, నా జడలో కూడా. బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయిలు ముక్కు ఎగబీల్చి, నేనేదో తాగి వచ్చినట్టు నా వైపు చూసేవారు.

నెలకోసారి థిన్నర్ కోసం బాపూ నేనూ అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి బేగంబజార్‌కి నడిచేవాళ్ళం. బాపు డబ్బా మూత తీయించి, అరచేతిలో ఒక చుక్క పోయించుకుని, అది ఎగిరిపోయేదాకా దుకాణం ముందు చేయి చాపి నిలబడేవాడు. ఎగిరిపోయాక చెయ్యి చల్లగా, పొడిగా ఉండాలి. జిడ్డు మిగిలిందంటే కిరసనాయిలు కలిపినట్టే. వెనకాల హమాలీలు మూటలతో "హటో హటో" అని అరుస్తున్నా కదిలేవాడు కాదు. "ఇత్నా షక్ క్యోం మియా?" అని దుకాణదారు ఆ అనుమానానికి విసుక్కునేవాడు. బాపు నవ్వి ఊరుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో నాతో అనేవాడు, "సామాన్ మీద షక్ ఉంటే తప్పు లేదు బిడ్డా. మనిషి మీదుంటే మాత్రం ముందు గా మనిషినే అడగాలె." నేను తల ఊపేదాన్ని. నా ధ్యాసంతా డబ్బా ఎక్కడైనా కారుతోందేమో చూడటం మీద ఉండేది.

ఇంజన్‌లో అన్నిటికంటే బరువైనది బ్లాకు. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. దాని పక్కన ఒక చదును మీద ఇంజన్ నంబరు చెక్కి ఉంటుంది. రంగు వేసే ముందు బాపు ఆ నంబరు మీద వేలితో దట్టంగా గ్రీజు పూసేవాడు. గ్రీజు మీద రంగు నిలవదు. మిగతాదంతా ఆరాక గుడ్డతో తుడిస్తే నంబరు ఇనుము రంగులోనే శుభ్రంగా బయటపడేది. "నంబరును మూసిపెట్టేటోడు పెయింటర్ గాదు, దొంగ" అనేవాడు. బండి ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారేటప్పుడు ఆఫీసులో ఆ నంబరు పెన్సిల్ ముద్ర అడుగుతారు. పల్చటి కాగితం నంబరు మీద పరిచి, పెన్సిలును పక్కకు వంచి రుద్దితే అంకెలు కాగితం మీదకు తేలతాయి. మా ఇంట్లో ఆ పని నాది. నేర్పింది సత్తార్ భాయే. "గట్టిగ ఒత్తకు బేటీ, కాయితం చిరుగుతది. మెల్లగ రుద్దు, నంబరు దానంతటదే వస్తది" అని చెవి మీది పెన్సిలు తీసి నా చేతికిచ్చాడు.

అమ్మ తమ్ముడు యాదగిరి మామ హెడ్ కానిస్టేబుల్. ఆదివారాలు మా ఇంట్లో భోంచేసేవాడు. తలకాయ కూరతో పాటు ఊళ్ళో జరిగిన దొంగతనాలన్నీ వడ్డన అయ్యేవి. ఒక ఆదివారం ఇట్లా మొదలుపెట్టాడు.

"అక్కా, పొద్దుగాల కారు మాయమైతే పొద్దుమీకే వరకు బోల్టులు బోల్టులైతది. సామాన్‌కు రంగు పూసి అమ్ముకుంటరు. రంగేసినంక ఎవ్వడు గుర్తువడ్తడు?"

బాపు తల ఎత్తకుండా అన్నం కలుపుకుంటూ, "రంగేసినా నంబరుంటది" అన్నాడు.

"నంబర్లు గూడ మారుస్తరు బావా. ఒకటి మూసి ఇంకోటి చెక్కుతరు. నీకు తెల్వదు."

"ముప్పై ఏండ్ల సంది రంగు పని జేస్తున్న. నాకు తెల్వంది నీకు తెల్సా?"

"నిప్పు లేంది పొగ రాదు బావా" అన్నాడు మామ. అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

ఆ ఆదివారం తర్వాత నేనొక అలవాటు చేసుకున్నాను. రంగు వేసి ముగించాక తీసే ముద్ర ఎట్లాగూ ఉంది. అది కాకుండా బ్లాకు మా ఇంటికి వచ్చిన వెంటనే, బాపు ఇంకా ముట్టకముందే ఒక ముద్ర దొంగచాటుగా తీసేదాన్ని. బోటనీ రికార్డులోంచి చింపిన కాగితాలు, ఒకవైపు గీతలు, ఒకవైపు తెలుపు. పని అయ్యాక రెండు ముద్రలూ పోల్చుకుని, ఒకేలా ఉన్నాయని చూసుకుని రికార్డులో దాచేదాన్ని. రేపు ఎవరైనా బాపును అడిగితే సాక్ష్యంగా ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, రెండు ముద్రలకూ ఎప్పుడు తేడా వస్తుందా అని కాచుకుని కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం ఒక బ్లాకు వచ్చింది. దాని మీద ఇంతకు ముందెవరో తోమకుండానే రంగు మీద రంగు పూసినట్టున్నారు, నంబరును కూడా వదలకుండా. బాపు తువ్వాలు తెచ్చుకోవడానికి లోపలికి పోగానే ముద్ర తీశాను. మసకగా వచ్చింది గానీ అంకెలు తెలుస్తున్నాయి. చివరి అంకె మూడు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి బాపు ఆ నంబరు మీదకు వంగి ఉన్నాడు. చేతిలో దబ్బనం, గోనెసంచులు కుట్టే లావు సూది. దాని వెనక చిన్న సుత్తితో టిక్ టిక్‌మని కొడుతున్నాడు. రెండు దెబ్బలు కొట్టడం, నోటితో ఊదడం, కళ్ళు చికిలించి చూడటం, మళ్ళీ కొట్టడం. పక్కనే సత్తార్ భాయ్ గొంతుక్కూర్చుని "జర కిందికి మల్లన్నా, ఆఁ, గాడనే" అంటున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఆగారు. వాకిట్లోకి ఎవరైనా వస్తే చేస్తున్న పని ఆపి తల ఎత్తడం మామూలే. అప్పుడు మాత్రం ఇద్దరూ నాకు పట్టుబడ్డ దొంగల్లా కనిపించారు.

"ఏం జేస్తున్నవ్ బాపూ?"

"నంబరు సాఫ్ జేస్తున్న బిడ్డా."

"దబ్బనంతోనా?"

"మరి నీ జడ పిన్నుతోని జెయ్యాల్నా?" అని సత్తార్ భాయ్ నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇంకో రెండు రోజులకు రంగు ఆరింది. బాపు గ్రీజు తుడిచి, "ముద్ర తియ్యి బిడ్డా, ఓనర్‌కు గావాల్నట" అన్నాడు. తీశాను. నల్లగా, స్పష్టంగా వచ్చింది. చివరి అంకె ఎనిమిది. ఒకటి బాపుకిచ్చి, ఇంకొకటి తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. రికార్డులోంచి పాత ముద్ర తీసి పక్కన పెట్టాను. మిగతా అంకెలన్నీ అవే. అక్కడ మూడు, ఇక్కడ ఎనిమిది. దబ్బనం, సుత్తి, "గాడనే" అన్న మాట, గోనెసంచులు, మామ చెప్పిన కథలు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. సత్తార్ భాయ్ మా బాపు చేత నంబరు మార్పించాడు. బాపు మంచితనం వల్లనో మొహమాటం వల్లనో ఒప్పుకున్నాడు. పట్టుబడితే చెక్కిన చెయ్యి బాపుది కాబట్టి జైలుకు పోయేది బాపే. ఎవరో పట్టుకోకముందే నేను మామకు చెబితే బాపును తప్పించవచ్చు. అంతా లెక్క సరిపోయినట్టే అనిపించింది. బాపును అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి. అడగలేదు. నిజం చెప్పడని అనుకున్నాను.

ఆదివారం మామ చెయ్యి కడుక్కోవడానికి నల్లా దగ్గరకు పోతే, వెనకే పోయి రెండు కాగితాలూ చూపించాను.

"మామా, బాపు పేరు మాత్రం రావొద్దు."

"నీ బాపు నాకు బావ గాడా? ఫికర్ జెయ్యకు" అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం గల్లీలోకి జీపు వచ్చింది. అప్పటికి ఆ బ్లాకు సత్తార్ భాయ్ షెడ్డుకు చేరిపోయింది. నేను డాబా మీద నుంచి చూశాను. షెడ్డులోని సామానంతా బయటికి విసిరారు. బాపు నిగనిగలాడేటట్టు రంగు వేసిన బ్లాకును తాళ్ళు కట్టి బండలమీద ఈడ్చారు. సత్తార్ భాయ్‌ని చెయ్యి పట్టుకుని జీపు ఎక్కించారు. చెవి మీద పెన్సిలు అట్లాగే ఉంది. గల్లీలో అందరూ తలుపుల దగ్గర నిలబడి చూస్తున్నారు. బాపు ఆ మోకాళ్ళతోనే జీపు వెనక కొంత దూరం పరుగెత్తి, తర్వాత గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నేను ముందే చెప్పిన" అంది అమ్మ, బాపు ఇంట్లోకి రాగానే.

"నోరు మూసుకో!" అన్నాడు బాపు. అమ్మ మీద ఆయన అట్లా అరవడం నేను వినడం అదే మొదటిసారి. "ఎవ్వలు పని ఇయ్యనప్పుడు గాయన ఇచ్చిండు. గాయన దొంగైతే నేను గూడ దొంగనే." తర్వాత తనే టిఫిను డబ్బాలో అన్నం సర్దుకుని పోలీస్ స్టేషన్‌కి నడిచిపోయాడు. మర్నాడు కూడా పోయాడు.

మూడో రోజు కారు సొంతదారు, రిటైరైన బడిపంతులు, ఊరి నుంచి రిజిస్ట్రేషన్ పుస్తకం పట్టుకుని వచ్చాడు. అందులో ఇంజన్ నంబరు చివరి అంకె ఎనిమిది. మొదటి నుంచీ ఎనిమిదే. సత్తార్ భాయ్‌ని వదిలిపెట్టారు. ఆ సాయంత్రం మామ వచ్చి నన్ను మెట్ల కిందికి పిలిచాడు. "పాత పెయింటు నిండిపోయి ఎనిమిదిల సగం మూసుకపోయిందట. అందుకే మూడు లెక్క అవుపడ్డదట. గా పెయింటునే మీ బాపు సూదితోని తీసిండట. రంగు గీకే ఇంట్ల పుట్టి గింత తెల్వదా నీకు? ఎస్సై ముందల నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నేను గూడ చెప్ప" అని వెళ్ళిపోయాడు. అనుమానం పెనుభూతం అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అది నన్నే పట్టిందని మెట్ల కింద నిలబడ్డప్పుడు తెలిసింది.

బాపు చీకటి పడ్డాక వచ్చాడు. ఆ రోజు వాడని బ్రష్షులను కూడా కిరసనాయిలులో కడిగి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టాడు. "ఇగ గీ పని బంద్" అన్నాడు. అమ్మ ఎందుకని అడగలేదు. నాలుగు రోజుల తర్వాత నేను చదువుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుని, కొంతసేపు నా పుస్తకం వైపు చూసి, "బిడ్డా, నాకేమన్న చెప్పేదుందా?" అని అడిగాడు.

"ఏం లేదు బాపూ. పరీక్షలున్నయి" అన్నాను.

"మంచిది, చదువుకో" అని లేచిపోయాడు.

సత్తార్ భాయ్ షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. పోలీసులు వచ్చిన షెడ్డుకు టాక్సీవాళ్ళు ఎందుకొస్తారు? రెండు మూడేళ్ళు ఆయన ఎక్కడో దూరంగా వేరేవాళ్ళ దగ్గర పనిచేసి, తర్వాత మళ్ళీ చిన్నగా సొంతం మొదలుపెట్టాడు. స్టేషన్‌లో ఆయన్ని కొట్టారో లేదో ఆయన ఎవరికీ చెప్పలేదట. బాపు గేట్లకు, కిటికీలకు రంగులు వేసే పనికి పోయేవాడు. గల్లీలో ఇద్దరూ ఎదురుపడితే దూరం నుంచి చెయ్యెత్తి సలాం చేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. నాకు మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉండేది. ఎవరు తలుపు కొట్టినా సత్తార్ భాయే అనుకునేదాన్ని. మామ తాగి ఎక్కడైనా వాగాడేమో, బాపుకు తెలిసే అడిగాడేమో, తెలియకనే అడిగాడేమో అని ఎన్నో ఏళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది, మళ్ళీ ఎవరికీ తెలియదులే అని సంతోషంగానూ ఉండేది. ఆ సంతోషాన్ని తలచుకుంటే ఇప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గేస్తుంది.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, మూసీకి ఇవతల అపార్ట్‌మెంటు. అమ్మ పోయాక బాపు మా దగ్గరే ఉన్నాడు. మా తలుపులకు రంగు వేయడానికి వచ్చినవాళ్ళు వాసన రాని రంగని గొప్పగా చెబితే, బాపు తలుపుకు ముక్కు ఆనించి చూసి, "వాసన లేకపోతే కల్తీ ఎట్ల తెలుస్తది?" అన్నాడు. వాళ్ళు పాత రంగును నామమాత్రంగా రుద్ది దాని మీదనే కొత్తది కొట్టేసి ఒక్క పూటలో వెళ్ళిపోయారు. ఇప్పుడు దేన్నీ ఎవరూ ఇనుము కనబడేదాకా గీకరు. ఆ రోజులు మంచివి, ఈ రోజులు చెడ్డవి అని నేను అనను. కాస్టిక్ సోడాకు బాపు వేళ్ళ చర్మం జీవితాంతం పగిలే ఉండేది, రాత్రిళ్ళు వెన్న రాసుకునేవాడు. ఏ కాలంలోనైనా మనుషులు ఒకటే. నాలాంటివాళ్ళం అప్పుడు కాగితాలు దాచేవాళ్ళం, ఇప్పుడు ఫొటోలు దాస్తున్నాం.

మట్టి మీద మెరుపు మందు కొట్టిన ఆ కారులోనే మొన్న ఆదివారం ఫలక్‌నుమా వెళ్ళాను. చెప్పెయ్యాలని నిర్ణయించుకునే వెళ్ళాను. సత్తార్ భాయ్ షెడ్డు ఇప్పుడు షట్టరున్న దుకాణం. కొడుకు నడుపుతున్నాడు. ఇంజన్ భాగాలు అట్టపెట్టెల్లో, ప్లాస్టిక్ కవర్లలో, రంగులతో సహా తయారై వస్తున్నాయి. సత్తార్ భాయ్ గడ్డం తెల్లబడి, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. చాయ్ చెప్పించాడు.

"మల్లన్న పోయిండని మొన్న మొన్న తెల్సింది బేటీ. ఎవరో చెప్తే విన్న. అల్లా ఆయనకు మంచి జాగ ఇయ్యాలె."

నేను గ్లాసు పట్టుకుని, తల దించుకుని చెప్పేశాను. "అప్పుడు పోలీసులకు గా రెండు కాయితాలు ఇచ్చింది నేనే భాయ్."

"మాలూమ్ బేటీ" అన్నాడు.

తెలుసంటున్నాడు. తల ఎత్తి చూశాను. ఏ కోపమూ లేదు. "స్టేషన్ల గా కాయితాలు మా ముందల టేబుల్ మీద పారేసిన్రు. మీ బాపు చూసి తల దించుకున్నడు. బయటికొచ్చినంక రోడ్డు మీదనే నా చేతులు పట్టుకొని, 'సత్తార్ భాయ్, నేనే ఇచ్చిన, మాఫ్ జెయ్యి' అన్నడు."

"మీరు నమ్మిన్రా?"

"ఎట్ల నమ్ముత? గా పెయింటు సూదితోని తీసిందే ఆయన. మూడు ఎనిమిదెట్లయిందో ఆయనకు తెల్వదా? పెయింటర్ జేసే తప్పు గాదు గది. ఇగ మీ ఇంట్ల పెన్సిల్ ప్రింటు తీసేది ఇంకెవరు? నేను నేర్పిందే గద."

"మరి మళ్ళ ఎందుకు రాలేదు భాయ్ మా ఇంటికి?"

"వచ్చి ఏమనాలె? నాకు అసలు సంగతి తెల్సు అంటే, అబద్ధమాడినవని మల్లన్న మొకం మీద అన్నట్టయితది. బిడ్డ కోసం ఆడిన అబద్ధం. నువ్వు చిన్నదానివి, ఒకనాడు నువ్వే చెప్తవ్, గప్పుడు ముగ్గురం గూసోని చాయ్ తాగుదమనుకున్న. ఆయన గూడ నువ్వు చెప్తవనే చూసిండేమో. ఏండ్లకేండ్లు పోయినయి."

ఆయన రోడ్డు వైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్కటి చెప్పు బేటీ. ఆఖర్ల మల్లన్న నన్ను యాద్ జేసిండా?"

లేదని చెప్పి లేచి రావచ్చు. ఆయన నమ్మేవాడు. కానీ చెప్పాను. ఆస్పత్రిలో చివరి వారం బాపు నా చెయ్యి పట్టుకుని, "సత్తార్ ఉన్నడా బిడ్డా? ఒక్కసారి పిలిపిస్తవా?" అని అడిగాడు. వాళ్ళిద్దరూ ఆ మంచం దగ్గర కూర్చుంటే నా సంగతి బయటపడుతుందని భయపడ్డాను. చావుకు దగ్గరపడ్డ మనిషి మీద కూడా నాకు అనుమానమే, ఏం తేల్చుకోవడానికి పిలుస్తున్నాడోనని. "ఆయన ఊర్లె లేడట బాపూ. బీదర్ దిక్కు పోయిండట" అని అప్పటికప్పుడు అల్లి చెప్పాను. దానికి ముందు నెలే నేను ఈ దుకాణం ముందు నుంచి కారులో పోయాను. ఆయన ఈ కుర్చీలోనే కూర్చుని ఉండటం చూశాను. బాపు "అట్లనా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

అంతా విని సత్తార్ భాయ్ తిట్టలేదు. తాగని చాయ్ గ్లాసును కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"నేను ఈడనే ఉన్న గద బేటీ" అన్నాడు.